బతుకు కథకు బయానా

భివండీ సాంచాల (మరమగ్గాల) మధ్య బతికిన తెలుగువాళ్ల కథలు తెరకెక్కే రోజు దూరంలో లేదు. కెమెరా కంటే ముందు గుమ్మం తొక్కేది ఒప్పంద కాగితం. అందులో ఏముంటుంది? ఎవరి సంతకం ఎందుకు అడుగుతారు? ఏ మాట దగ్గర కలం ఆపాలి?

మహారాష్ట్రలో బట్ట నేసే పట్నాలు చెప్పమంటే ఇచల్‌కరంజి, మాలేగావ్, భివండీ పేర్లు ముందు నోటికొస్తాయి. వాటిలో మాలేగావ్ కథ ఇప్పటికే తెర మీదికి వెళ్లింది. 2025 ఫిబ్రవరి 28న 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' విడుదలైంది. రీమా కాగ్తీ దర్శకురాలు, వరుణ్ గ్రోవర్ రచయిత. ఊళ్లో వీడియో పార్లర్ నడుపుతూ, స్నేహితుల్నే నటులుగా పెట్టుకుని 'మాలేగావ్ కే షోలే' తీసిన నాసిర్ షేక్ జీవితమే ఆ సినిమా. నాసిర్ బృందంలో సూపర్‌మ్యాన్ వేషం కట్టిన షఫీక్ మరమగ్గం మీద పనిచేసినవాడు. తన సినిమా జనంలోకి వెళ్లే వేళకు క్యాన్సర్ అతన్ని తీసుకుపోయింది.

తెలుగులో ఆ పని అంతకు ముందే జరిగింది. 2019 జూన్ 21న 'మల్లేశం' వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి రోజంతా ఆసు పోసి భుజం నొప్పితో విలవిల్లాడుతుంటే చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఆసు యంత్రం తయారుచేశారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నూలును కొయ్యల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ బాధకు యంత్రంతో జవాబు చెప్పినందుకే 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. రాజ్ రాచకొండ ఆ జీవితాన్ని సినిమాగా తీశారు. మల్లేశంగా ప్రియదర్శి నటించారు. మాటలు రాసిన పెద్దింటి అశోక్ కుమార్ సిరిసిల్ల ప్రాంతం వారే కావడంతో మగ్గం గుంత పక్కన మాట్లాడే భాష తెరమీద అలాగే వినిపించింది.

నేతపని చేసిన మనిషి జీవితం సినిమాకు సరుకే అని ఈ రెండూ తేల్చేశాయి. ఇక భివండీ మిగిలింది.

భివండీలోని పద్మనగర్‌లో అడుగుపెడితే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు పలకరింపులు వినిపిస్తాయి. బతుకమ్మ వస్తే వీధులు పూలతో నిండుతాయి. ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేనప్పుడు కొందరు, రజాకార్ల కాలంలో ఊళ్లు విడిచి కొందరు, ముందు వచ్చిన అన్నో మేనమామో పిలిస్తే ఇంకొందరు షోలాపూర్, బొంబాయి, భివండీ దారి పట్టారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లు సమ్మె తర్వాత మిల్లుల పని చిన్నచిన్న షెడ్లలోని సాంచాల మీదికి మళ్లింది. భివండీ పెరిగింది. దేశంలోని మరమగ్గాల్లో దాదాపు మూడో వంతు ఇక్కడే ఉన్నాయని చెప్పుకునేంతగా పెరిగింది.

ఆ చప్పుడులో బతికిన మనిషి దగ్గర ఎంత కథ ఉంటుందో ఆలోచించండి. పన్నెండు గంటల పాళీలు. బిస్సీలో (మెస్సులో) వరసగా కూర్చుని తిన్న అన్నం. నేసిన మీటర్లను బట్టి వచ్చే పగారు. 1970 మే, 1984 మే మత అల్లర్లు. ఎవరు ఎవరిని దాచారో, ఎవరి కార్ఖానా తగలబడిందో కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్‌టీ, 2020 లాక్‌డౌన్, అదే ఏడాది సెప్టెంబరు 21 తెల్లవారుజామున కూలిన జిలానీ భవనం. చేతికి అలవాటైన సాంచాలను కిలోల లెక్కన తుక్కుకు అమ్మేసి, ఆ జాగాలో గోదాము లేస్తుంటే చూస్తూ నిలబడిన యజమానులు. ఒక్కో ఇంట్లో ఒక్కో పుస్తకం ఉంది. అచ్చయినవి మాత్రం చాలా తక్కువ.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నిజజీవిత కథల కోసం ఓటీటీ సంస్థలు, సినిమా కంపెనీలు ఊరూరా వెతుకుతున్న కాలమిది. ముంబయికి భివండీ కూతవేటు దూరం. ఇవాళ కాకపోతే రేపు ఎవరో వస్తారు. వచ్చినవాళ్లు మంచివాళ్లే కావచ్చు, మంచి సినిమానే తియ్యవచ్చు. కానీ వాళ్ల చేతిలోని కాగితం వాళ్ల లాయరు రాసింది. మన వైపు నుంచి దాన్ని చదివిన మనిషి కూడా ఒకరు ఉండాలి.

ఇన్ని సంతకాలు ఎందుకు?

ఆత్మకథను సినిమాగా తీయాలనుకున్న నిర్మాత సేకరించేది ఒక్క సంతకం కాదు, సంతకాల కట్ట. పుస్తకం రాసినవారి సంతకం, ప్రచురణకర్త దగ్గర ఏమైనా హక్కులుంటే వారిది, చెప్పింది విని రాసిపెట్టినవారు వేరే ఉంటే వారిది, అనువాదం నుంచి తీస్తే అనువాదకుడిది. కథలో ప్రముఖంగా కనిపించే భార్యది, అన్నది, స్నేహితుడిది. పాత ఫొటోలు, ఉత్తరాలు వాడితే వాటి యజమానులది. కథ ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో చూపే ఈ కాగితాల వరసలో ఒక్కటి లోపించినా పెద్ద ఓటీటీ సంస్థ డబ్బు పెట్టదు, బీమా కంపెనీ ముందుకు రాదు.

ఈ సంగతి మనకు బలం. భివండీ కార్మికుడి సంతకం మొహమాటానికి అడిగేది కాదు. అది లేకపోతే సినిమా ఆగే ప్రమాదం ఉంది కాబట్టే అడుగుతున్నారు. అవసరం అవతలివారికీ ఉందని తెలిసిన మనిషి తొందరపడి సంతకం పెట్టడు.

మామూలుగా జరిగేది రెండంచెల బేరం. మొదట కొంత బయానా ఇస్తారు. ఏడాదో, ఏడాదిన్నరో ఆ కథను ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఈలోగా వాళ్లు స్క్రిప్టు రాయించుకుంటారు, డబ్బు పెట్టేవారిని వెతుక్కుంటారు. అన్నీ కుదిరితే అసలు మొత్తం చెల్లించి హక్కులు కొంటారు. కుదరకపోతే గడువుతో బయానా కాలం ముగిసి కథ మళ్లీ మీదవుతుంది. ఈ చివరి మాట కాగితంలో ఉందో లేదో చూసుకోవాలి. గడువు పొడిగించాలంటే మళ్లీ డబ్బు ఇవ్వాలన్న మాట కూడా ఉండాలి. బయానా ఒక్కటే తీసుకుని, గడువు లేని కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల కథ ఏ బీరువాలోనో ఏళ్ల తరబడి మూలుగుతుంది. తీసేవాడు తీయడు, ఇంకొకరికి ఇవ్వనివ్వడు.

బతుక్కి కాపీరైటు లేదు

ఇది చాలామందికి మింగుడుపడదు. నా బతుకు నాది, నన్ను అడక్కుండా సినిమా ఎలా తీస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1957 కాపీరైటు చట్టం కాపాడేది రాసిన రచనను. జరిగిన సంఘటనను కాదు, బతికిన బతుకునూ కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆలోచనలకూ, చారిత్రక వాస్తవాలకూ కాపీరైటు ఉండదనీ, వాటిని చెప్పిన తీరుకే రక్షణ ఉంటుందనీ స్పష్టం చేసింది.

మరి బతికున్న మనిషికి ఏ అడ్డుకట్టా లేదా? ఉంది. అది కాపీరైటు నుంచి రాదు, గోప్యత హక్కు నుంచి వస్తుంది. 1994లో ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ గొడవలో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మనిషి సొంత జీవితం, కుటుంబం, పెళ్లి, పిల్లల సంగతులు అనుమతి లేకుండా ప్రచురించకూడదు. అయితే కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్న విషయాలకు ఆ అనుమతి అక్కర్లేదు. మనిషి పోయాక ఈ రక్షణ ఇంకా పలచబడుతుంది. 'గంగూబాయి కాఠియావాడి' సినిమాను ఆపాలని ఆమె దత్తపుత్రుడినంటూ ఒకాయన కోర్టులకెక్కారు. నెగ్గలేదు. పరువు నష్టం హక్కు మనిషితోనే పోతుందన్నది ఆ దారిలో కోర్టులు చెప్పిన కారణాల్లో ఒకటి. 2022 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. 

నా మనసులో గట్టిగా నిలిచిన మాట ఇక్కడే చెప్పాలి. ముందు రాయండి, తర్వాత సంతకం పెట్టండి. నోటి మాటగా చెప్పిన బతుకు మీద మీకున్న పట్టు బలహీనమైనది. అదే బతుకును రెండు వందల పేజీల పుస్తకంగా రాస్తే, రాసిన క్షణం నుంచి దాని మీద కాపీరైటు మీది. మీ జీవితకాలమంతా, ఆపైన అరవై ఏళ్లు మీ పిల్లలది. దాన్ని సినిమాగా మార్చే హక్కు కూడా అందులో భాగమే. నిర్మాతతో మాట్లాడేటప్పుడు ఒట్టి చేతులతో కూర్చోవడానికీ, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికీ ఉన్న తేడా అది.

మరాఠీవాళ్లు ఈ పని మనకంటే ముందు చేశారు. సానే గురూజీ నాసిక్ జైల్లో తన బాల్యం గురించి, తల్లి గురించి రాసిన 'శ్యామ్‌చీ ఆయి'ని 1953లో ఆచార్య అత్రే సినిమాగా తీస్తే, మొట్టమొదటి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో రాష్ట్రపతి బంగారు పతకం దానికే వచ్చింది. గురూజీ 1950లో పోయారు, కాబట్టి 2010తో కాపీరైటు ముగిసింది. 2023లో సుజయ్ డహాకే అదే కథను మళ్లీ తీశారు. 1978లో దయా పవార్ రాసిన 'బలుతం' దళిత ఆత్మకథలకు తలుపులు తెరిచింది. లక్ష్మణ్ మానే, శరణ్‌కుమార్ లింబాలే, లక్ష్మణ్ గాయక్‌వాడ్ ఆ తలుపులోంచే వచ్చారు. అదే రాష్ట్రంలో రెండు మూడు తరాలుగా బతుకుతున్న తెలుగు నేతగాడి ఆత్మకథ ఆ అరలో ఎందుకు లేదన్న బాధ నన్ను వదలదు.

నాగపూర్ ఆటగాడు, హైదరాబాద్ దర్శకుడు

సంతకాల లెక్క తప్పితే ఏమవుతుందో చూపే కేసు మన హైదరాబాద్‌కూ మహారాష్ట్రకూ మధ్యే నడిచింది. నాగపూర్ మురికివాడల పిల్లలను ఫుట్‌బాల్ వైపు తిప్పిన విజయ్ బర్సే జీవితం ఆధారంగా నాగరాజ్ మంజులే 'ఝుండ్' తీశారు. బర్సే పాత్ర అమితాబ్ బచ్చన్‌ది. అదే వాడల్లోంచి వచ్చి, నేరాల దారి వదిలి, నిరాశ్రయుల ప్రపంచకప్పులో భారత జట్టు పగ్గాలు పట్టిన అఖిలేశ్ పాల్ కథ బర్సే కథతో పెనవేసుకుపోయింది.

హైదరాబాద్‌కు చెందిన దర్శకుడు నంది చిన్నికుమార్ ఏమన్నారంటే, అఖిలేశ్ పాల్ జీవిత కథ మీద సర్వహక్కులూ తాను ముందే కొన్నాననీ, 'స్లమ్ సాకర్' పేరుతో రాసిన స్క్రిప్టును 2018లో తెలంగాణ సినీ రచయితల సంఘంలో నమోదు చేయించాననీ. 'ఝుండ్' నిర్మాతలు తమకు బర్సే హక్కులిచ్చారనీ, అఖిలేశ్‌తో కూడా ఒప్పందం ఉందనీ వాదించారు. 2020 సెప్టెంబరులో రంగారెడ్డి జిల్లా కోర్టు సినిమా విడుదల ఆపమంది. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. నవంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. మధ్యలో రాజీ, రాజీ మీద మళ్లీ గొడవ. చివరికి 2022 మార్చి 4న సినిమా థియేటర్లకు వచ్చింది.

ఎవరిది న్యాయం అన్న చర్చ జోలికి నేను పోను. భివండీవాళ్లు పట్టుకోవాల్సిన సంగతి వేరు. గురువు, శిష్యుడు ఇద్దరి బతుకులూ ఒకదాంట్లో ఒకటి ఉన్నప్పుడు ఎవరి కథ ఎక్కడ ఆగి ఎవరి కథ ఎక్కడ మొదలవుతుంది? పడుగూ పేకా కలిశాక ఒక్క పోగును విడిగా లాగి ఇది నాదనడం ఎంత కష్టమో అంత కష్టం. అందుకే కాగితంలో 'నా జీవిత కథ' అని ఊరికే రాయకూడదు. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ సంఘటనలు, ఏ పుస్తకంలోని ఏ భాగం అని రాయించాలి. ఇంతకు ముందు ఇంకెవరికైనా హక్కులిచ్చారా అని కాగితంలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. ఒక విద్యార్థి డాక్యుమెంటరీకి పదేళ్ల కింద పెట్టిన చిన్న సంతకమైనా సరే, అక్కడ చెప్పాలి. ఒకే కథను ఇద్దరికి అమ్మినట్టు తేలితే కేసు మన మీదికే వస్తుంది.

చెప్పింది ఒకరు, రాసింది మరొకరు

భివండీలో ఆత్మకథ రాయగలిగినవాళ్లకంటే చెప్పగలిగినవాళ్లే ఎక్కువ. రెండో తరంలో చాలామంది మరాఠీలోనో హిందీలోనో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయడం రాదు. కాబట్టి ఇక్కడి ఆత్మకథలు చెప్పి రాయించుకునేవిగానే పుడతాయి. అందులో చిన్నతనమేమీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన వారు వినీ రాసీ 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఆ పుస్తకం లేకుంటే ఆ గొంతులు మనదాకా వచ్చేవి కావు.

హన్సా వాడ్కర్ ఉదాహరణ ఈ నేలదే. మరాఠీ తెర మీద వెలిగిన నటి. తన బతుకును దాపరికం లేకుండా పాత్రికేయుడు అరుణ్ సాధుకు చెబితే 'సాంగత్యే ఐకా' అన్న పుస్తకమైంది. 1971లో ఆమె కన్నుమూశారు. 1977లో శ్యామ్ బెనెగల్ దాని ఆధారంగా 'భూమిక' తీశారు. స్మితా పాటిల్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన సినిమా అది. నాయిక పేరు హన్సా కాదు, ఉష. పేరు మార్చడం వల్ల దర్శకుడికి స్వేచ్ఛ దొరికింది, చుట్టూ ఉన్న మనుషులకు కాస్త నీడ దొరికింది. ఆ జీవితం మాత్రం పలచబడలేదు. పేరు మార్చమని అడిగితే సినిమా పాడవుతుందనే నిర్మాతకు 'భూమిక'ను చూపించవచ్చు.

రెండో ఉదాహరణ చెప్పేటప్పుడు మనసు కలుక్కుమంటుంది. బందిపోటుగా పేరుపడ్డ ఫూలన్ దేవికి రాయడం రాదు. 1983లో లొంగిపోయాక విచారణ లేకుండా పదకొండేళ్లు జైల్లో ఉంచారు. ఆమె చెబుతుంటే తోటి ఖైదీలు కాగితాల మీద రాశారు, అవి ఒక్కొక్కటిగా బయటికి చేరాయి. వాటి ఆధారంగా మాలా సేన్ 1991లో పుస్తకం రాశారు. దాని నుంచి శేఖర్ కపూర్ 'బాండిట్ క్వీన్' తీశారు. 1994లో ఆమె జైలు నుంచి బయటికి వచ్చేసరికి సినిమా సిద్ధం. తన మీద జరిగిన అత్యాచారాలను తెర మీద మళ్లీ చూపడాన్ని ఆమె సహించలేదు. బతికున్న స్త్రీకి జరిగిన ఆ ఘోరాన్ని ఆమె అనుమతి లేకుండా చూపించే హక్కు ఎవరికుందని అరుంధతీ రాయ్ నిలదీశారు. ఒప్పందం ఉందని అవతలివారు వాదించినా, ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు ప్రదర్శన ఆపమంది. తర్వాత బ్రిటన్‌కు చెందిన ఛానల్ ఫోర్ 40 వేల పౌండ్లు చెల్లించడంతో రాజీ కుదిరి ఆమె కేసు వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఆమె మళ్లీ చెప్పి, తన పేరు మీదే ఆత్మకథ రాయించుకున్నారు.

చదువు రాని మనిషి, చేతిలో డబ్బు లేని మనిషి, అవతలివారి దయ మీద ఆధారపడ్డ మనిషి పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలుగా తీసుకోవచ్చా? భివండీలో సేటు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఖాతాలో వేలు నొక్కిన అనుభవం ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలుసు. అందుకే చెప్పేవారికీ రాసేవారికీ మధ్య కాగితం నిర్మాత రాకముందే ఉండాలి. కాపీరైటు ఎవరి పేరున, సినిమా డబ్బు వస్తే ఎవరికెంత, సినిమాకు ఇచ్చేముందు ఎవరి అనుమతి కావాలి అనే మూడు సంగతులు తేలకపోతే, రేపు సంతకం కోసం వచ్చినవాళ్లు రాసినవారి దగ్గరికి మాత్రమే వెళ్లి పని పూర్తిచేసుకోవచ్చు.

కాగితంలో చూడాల్సినవి

హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉంటేనే చెల్లుతుందని కాపీరైటు చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోపు వాటిని వాడకపోతే ఆ బదిలీ రద్దయినట్టే, కాగితంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప.

ఆ చివరి షరతు దగ్గరే చట్టం ఇచ్చిన రక్షణ చేజారుతుంది. కంపెనీల కాగితాల్లో ఈ నియమం వర్తించదని ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ప్రపంచమంతటా, శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో అన్న మూడు మాటలు కూడా ఉంటాయి. వీటిని చూసి భయపడి లేచిపోనక్కర్లేదు, అలాగని మారు మాట్లాడకుండా ఒప్పుకోనూ అక్కర్లేదు. ఒక సినిమాకు ఇస్తున్నారా, వెబ్ సిరీస్‌కు కూడా ఇస్తున్నారా, రెండో భాగానికీ ఇతర భాషల్లో మళ్లీ తీయడానికీ ఇస్తున్నారా? ఒక్కోదానికి ఒక్కో ధర అడగవచ్చు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, కాగితంలో దాన్ని ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ బదిలీ వర్తించదని 2012 సవరణ చెప్పింది. పుస్తకం అచ్చువేసుకునే హక్కు, ఇంకో భాషలోకి అనువదించుకునే హక్కు సినిమా కాగితంలో కలిసిపోకుండా చూసుకోవాలి.

డబ్బు గురించి ఒక మాట. మిల్ఖా సింగ్ తన కథను 'భాగ్ మిల్ఖా భాగ్' కోసం ఒక్క రూపాయికి ఇచ్చారని అందరూ చెప్పుకుంటారు. అదే ఒప్పందంలో లాభాల్లో వాటా తన పేరిట ఉన్న ట్రస్టుకు ఇవ్వాలని ఆయన షరతు పెట్టిన సంగతి అంతగా చెప్పుకోరు. భివండీ కార్మికుడు రూపాయికి ఇవ్వాల్సిన పని లేదు. లాభంలో వాటా అన్న మాట వినసొంపుగా ఉంటుంది, కానీ ఖర్చులన్నీ తీసేశాక లాభం మిగిలిందో లేదో లెక్క రాసేది నిర్మాతే. అందుకని షూటింగు మొదలైన రోజు ఇంత, విడుదలకు ముందు ఇంత అని తేదీలకు కట్టిన మొత్తం అడగడం మంచిది.

మార్పుల సంగతి ఇంకా ముఖ్యం. హక్కులు అమ్మేశాక కూడా రచయితకు ఒక హక్కు మిగిలి ఉంటుంది. రచనను వక్రీకరించి తన గౌరవానికి భంగం కలిగిస్తే అభ్యంతరం చెప్పే హక్కు, 57వ సెక్షన్‌లో ఉంది. 'ఆప్‌కా బంటీ' నవలను సినిమాగా తీసిన తీరు మీద దాని రచయిత్రి మన్నూ భండారీ వేసిన కేసులో 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కు ఒప్పందానికి అతీతమైనదని గట్టిగా చెప్పింది. ఈ హక్కును వదులుకుంటున్నానన్న వాక్యం మీ కాగితంలో ఉంటే కొట్టేయమని అడగండి. స్క్రిప్టు ముందుగా చూపించాలని, మీరు వద్దన్న ఫలానా సంఘటన తీయకూడదని రాయించండి. దర్శకుడి కళను అడ్డుకుంటున్నామేమోనన్న సంకోచం అక్కర్లేదు. ఆ సినిమా ఆడినంత కాలం పద్మనగర్ వీధిలో తలెత్తుకు తిరగాల్సింది మీరు.

కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. తెలుగులోనో, మీకు బాగా వచ్చిన హిందీ మరాఠీలోనో అనువాదం ఇమ్మని అడగండి. ఒక వారం ఇంట్లో పెట్టుకోనివ్వండి అని అడగండి. వారం ఇవ్వనివారికి కథ ఇవ్వవద్దు.

పక్కింటివాళ్ల బతుకు కూడా

ఒక మనిషి ఆత్మకథలో ఇంకో యాభై మంది ఉంటారు. 'మహానటి' తీసినప్పుడు సావిత్రి కుమార్తె సహకరించారు, ఆమె భర్త జెమినీ గణేశన్ మరో కుమార్తె తండ్రిని చూపించిన తీరు మీద నొచ్చుకున్నారు. ఒకే ఇంటి మనుషుల్లోనే ఇంత తేడా ఉంటే, భివండీ కథలో ఇంకెంత జాగ్రత్త కావాలి! 1984 అల్లర్ల నాటి సంగతులు చెప్పేటప్పుడు ఎవరు దాచారు, ఎవరు తలుపు వేశారు అన్నది పేర్లతో సహా చెబితే, ఆ పేర్ల పిల్లలు ఇవాళ అదే గల్లీలో దుకాణం నడుపుతూ ఉండవచ్చు. చెప్పకూడదని కాదు. చెప్పాలి. పేరు, ఇల్లు, వృత్తి మార్చి చెప్పే షరతు కాగితంలో పెట్టించాలి. భార్య కథ చెబుతుంటే భార్య సంతకం కూడా అడగాలి. కండెలు చుట్టి, పిల్లల్ని పెంచి, పగారు చాలని నెలల్ని గట్టెక్కించిన ఆవిడ ఈ పుస్తకంలో సగం. బయానాలో ఆమె వాటా ఎంతో కూడా ముందే అనుకోవాలి.

అడగడానికి చోటు ఉంది

వకీలుకు డబ్బులెక్కడివి అని ఆగిపోవద్దు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. సాంచా నడిపే మనిషి పారిశ్రామిక కార్మికుడే. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. సంతకం పెట్టాక గొడవలకే కాదు, పెట్టకముందు సలహాకు కూడా వెళ్లవచ్చు.

పుస్తకం రాతప్రతి పూర్తయితే కాపీరైటు కార్యాలయంలో 500 రూపాయల రుసుముతో నమోదు చేయించుకోవచ్చు. నమోదు తప్పనిసరి కాదు, నమోదు లేకున్నా హక్కు మీదే. కానీ రేపు ఎవరైనా ముందు నేనే రాశానంటే చూపడానికి తేదీ ఉన్న కాగితం ఒకటి చేతిలో ఉంటుంది. సినిమా రచన దాకా వెళ్లినవారికి ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుని స్క్రిప్టు నమోదు చేయించే వీలుంది.

రాయలేనివారు రికార్డు చేసుకోవచ్చు. ఎవరి పూనికతో, ఎవరి బాధ్యతతో రికార్డింగు తయారైందో దాని మీద హక్కు వారిదే అంటుంది చట్టం. కాబట్టి వచ్చినవారి ఫోన్లో చెప్పే ముందు మీ ఇంటి ఫోన్లో, మీ మనవరాలి చేత రికార్డు చేయించండి. మొదట్లో మీ పేరు, పుట్టిన ఊరు, ఆ రోజు తేదీ చెప్పండి. తర్వాత భివండీకి ఏ రైల్లో వచ్చారో అక్కడ నుంచి మొదలుపెట్టండి.